ఓబులేష్ పూడ్చిన స్విమ్మింగ్ పూల్

"ముందు మేకపిల్లను పట్టుకోండి. నా సంగతి మళ్ల చూద్దాం" అంది ఆ అమ్మాయి, స్విమ్మింగ్ పూల్ అడుగు నుంచి.

ఓబులేష్ హెల్మెట్ తీసి పక్కన పెట్టి, గట్టు మీద బోర్లా పడుకుని చేతులు చాచాడు. నీళ్ళు లేని పూల్ అది. నీలం టైల్స్ సగం ఊడిపోయాయి. మూలల్లో పల్లేరు మొలిచింది. మేకపిల్ల చేతికి అందగానే అతన్ని రెండు తన్నులు తన్ని పారిపోయింది.

"నిచ్చెన లేదా?"

"స్టీలుది ఉండె. ఎవరో పెరుక్కోని పోయినారు. దుమికేటప్పుడు గుర్తు రాలేదు."

అతను చెయ్యి అందించాడు. ఆమె టైల్స్ ఊడిన చోట కాలివేళ్ళు ఆనించి పైకి వచ్చింది. చుడీదార్ దులుపుకుంటూ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఎవరు మీరు?"

"పూల్ తీసేయాలని ఫోన్ చేసినారంట గదా. కాంట్రాక్టర్ని. ఓబులేష్."

"పూల్ కంటే ముందు మనిషిని తీసినారు. దానికి వేరే బిల్లా?"

"అది ఫ్రీ మేడమ్."

ఆమె నవ్వింది. ఓబులేష్ ఆ నవ్వు అయిపోయిన తర్వాత కూడా చూస్తూనే ఉన్నాడు.

ఆమె పేరు శివలీల. తండ్రి కాశన్న కోడుమూరులో మగ్గం నేసి, తర్వాత కర్నూలులో చీరల అంగడి పెట్టినవాడు. ఓర్వకల్లుకు ఎయిర్‌పోర్టు వచ్చిన కొత్తలో ఒక స్నేహితుడి మాట నమ్మి ఇక్కడ రిసార్ట్ మొదలుపెట్టాడు. మొదటి ఎండాకాలానికే బోరు ఎండిపోయింది. స్నేహితుడు బెంగళూరు వెళ్ళిపోయాడు. పూల్ మాత్రం మిగిలింది.

ఇప్పుడు శివలీల ఆ స్థలంలో మగ్గాల షెడ్డు వేయాలనుకుంటోంది. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు ఎండాకాలం వస్తే పిల్లల్ని చంకనేసుకుని సుగ్గికి, అంటే దూరాన కూలిపనులకు, వలసపోతారు. నేత నేర్పిస్తే ఊళ్ళోనే ఉండొచ్చని ఆమె ఆశ. కాశన్న ఒకటే షరతు పెట్టాడు. "తల్లుల ఎంబడి పిల్లోళ్లు వస్తారు. ఆ గుంత ఉన్నన్నాళ్లు ఈడ మగ్గం పెట్టేది లేదు."

"ఎంతవుతాది?" అని అడిగింది శివలీల.

ఓబులేష్ వెంట వచ్చిన జేసీబీ ఆపరేటర్ దావూద్ అతని చెవిలో, "పక్కన రొంత తవ్వి చూసి చెప్పు" అన్నాడు. దావూద్ వయసులో పెద్దవాడు. చాలా నేలలు చూసినవాడు. ఓబులేష్‌కు ఆ మాట వినపడలేదు. ఆమె జడలో చిక్కుకున్న పల్లేరు కాయను చూస్తున్నాడు.

"లక్షన్నర" అన్నాడు.

దావూద్ ఆకాశం వైపు చూశాడు.

ఓబులేష్ అంతకుముందు నంద్యాల వైపు రెండు స్విమ్మింగ్ పూల్స్ తీశాడు. అక్కడిది నల్లరేగడి. బకెట్ దించితే పెరుగులో గరిటె దిగినట్టు దిగుతుంది. ఇక్కడ పైన జానెడు గరుసు మట్టి, దాని కింద సున్నం గడ్డకట్టినట్టు తెల్లటి పొర. జేసీబీకి బిగించిన బ్రేకర్ కాంక్రీటును పగలగొట్టింది కానీ, కాంక్రీటు ఆ పొరను వదిలి రాలేదు. దవడకు పన్ను అంటుకున్నట్టు అంటుకుంది. బకెట్ పళ్ళు కీచుమని జారిపోయాయి. బ్రేకర్ ఉలి మొద్దుబారింది. కొత్తది వేస్తే అదీ విరిగింది. రెండు రోజుల్లో అవుతుందనుకున్న పని వారం దాటింది. పైగా గుంత నింపడానికి ఆ చుట్టుపక్కల వదులు మట్టి లేదు, దూరం నుంచి చెరువు మట్టి తోలించాలి.

ఓబులేష్ ఆమెకు ఏమీ చెప్పలేదు. మాట ఇచ్చాడు కదా.

శివలీల రోజూ పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తెచ్చేది. ఒకరోజు టిఫిన్ డబ్బా పెట్టి కూర్చోలేదు.

"ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు. బిల్లు పెంచేదానికి పని లాగుతాండారా? మా నాయనతో ఎవరో అన్నారంట, మిషన్ పనులన్నీ అట్లే ఉంటాయని."

ఓబులేష్ చేతిలో బజ్జీ అలాగే ఉండిపోయింది. "చెప్పిన రేటుకే చేస్తాండా మేడమ్. ఒక్క రూపాయి ఎక్కువ అడగను" అని లేచి, ఉలి తేవాలన్న వంకతో కర్నూలు వెళ్ళిపోయాడు.

దారిపొడవునా కొండరాళ్ళు ఎండలో మెరుస్తున్నాయి. కోపం వచ్చిందా, బాధ కలిగిందా అని తనను తాను ప్రశ్నించుకున్నాడు. ఉగ్గాని తినకుండా వచ్చినందుకే ఎక్కువ బాధగా ఉంది.

మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి శివలీల గట్టు మీద నిలబడి ఉంది. దావూద్ జేసీబీ వెనక్కి వెళ్ళి ఏదో తుడుస్తున్నాడు. తుడవడానికి అక్కడ ఏమీ లేదు.

"దావూదన్న అంతా చెప్పినాడు. ఈ పనిలో మీకు చేతి డబ్బులు పోతాండాయంట."

"అది నా లెక్క."

"మీ లెక్క ఎట్లవుతాది? నేనేమన్నా జాలితో పని చేయించుకునేదాన్నా? తక్కువ చెప్పమని ఎవరడిగినారు మిమ్మల్ని?"

"జాలి కాదు."

"మరేంది?"

"నేల తెలీక చెప్పినా."

"తెలీకనా, చూడకనా?"

గాలికి సున్నపు దుమ్ము లేచి ఇద్దరి మధ్యా తెల్లగా తిరిగింది.

"చూడలేదు" అన్నాడు చివరికి.

"ఏం చూస్తాంటిరి మరి?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. శివలీల కూడా అతని వైపు చూడలేక పూల్‌లోకి చూసింది.

కాసేపటికి ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు, మధ్యలో టిఫిన్ డబ్బా పెట్టుకుని.

"ఇంకో దారి లేదా?" అంది.

"ఉండాది. గోడలు నడుము లోతు దాకా పగలగొట్టి, కిందది నేల్లోనే ఇడిసిపెట్టొచ్చు. ఆ పెళ్లలే గుంతలో వేసి, పైన మట్టి పోస్తాం. సగానికి సగం ఖర్చు తగ్గుతాది."

"మరి మొదటే చెప్పలేదేం?"

"అడుగున బెజ్జాలు కొట్టినా ఈ నేల నీళ్లు తాగదు. వాన పడితే లోపల కుండలో నిలిచినట్టు నిలుస్తాయి. మట్టి కుంగుతాది. దాని మీద షెడ్డు వేస్తే గోడలు పగుల్తాయి."

శివలీల బజ్జీ తుంచుతూ ఆలోచించింది. "షెడ్డు పక్కన వేస్తే? మీ మిషన్నే ఏడిపించిన నేల, షెడ్డును మోయలేదా?"

ఓబులేష్ ఆమె వైపు తిరిగాడు. వారం రోజులుగా ఆ నేలను తిట్టుకోవడమే కానీ, దాని మీద ఏదైనా కట్టొచ్చన్న ఆలోచనే రాలేదు అతనికి.

"మోస్తాది. పునాది లోతు కూడా అక్కర్లేదు. పునాదిలో మిగిలే డబ్బు ఈ గుంత పనికి సరిపోతాది."

"గుంత మీద చెట్లు పెట్టుకుంటాం. మునగ, కరివేపాకు."

"నీళ్లు నిలుస్తాయి అంటాండా గదా."

"నిలవనీ. మన సీమలో నీళ్లు నిలిచేది కూడా తప్పేనా?"

అతను నవ్వాడు. "ఎక్కువైన నీళ్లు పోయేదానికి ఒక పక్క కాలువ తీస్తా."

"రేటు మాత్రం సరిగ్గా చెప్పండి. నా మొఖం చూడకుండా."

"కష్టమే" అన్నాడు ఓబులేష్. ఆ మాట తనే అన్నానా అని తర్వాత చాలాసేపు అనుమానపడ్డాడు.

గుంత పూడింది. చెరువు మట్టి పరిచిన నాలుగు రోజులకే వాన పడింది. ఓర్వకల్లు వాన కొండల మీదుగా దుమ్ము లేపుకుంటూ వచ్చి, వచ్చిన పని చూసుకుని వెళ్ళిపోతుంది. శివలీల చున్నీ తల మీద కప్పుకుని, కాలువలో నీళ్ళు పారుతుంటే పక్కనే నడిచింది. ఓబులేష్ కాలువను చూడడానికే వచ్చాడు. కాలువ తప్ప అన్నీ చూశాడు.

షెడ్డు లేచాక, ఒకరోజు కాశన్న అతన్ని అంగడికి పిలిపించాడు.

"కూర్చోప్పా. మా పాపకు గుంట మగ్గాలే కావాలంట. అంటే ఒక్కో మగ్గం కింద కాళ్లు పెట్టుకునేదానికి మోకాలి లోతు గుంత తవ్వాల, ఆ నేల్లో. స్టాండు మగ్గాలు పెట్టుకో పాపా, గుంతతో పనే లేదంటే వినదు."

"ఎందుకంట?"

"నేనూ అదే అడిగినా. ఆ గుంతలు తవ్వేదానికి ఓబులేష్ ఉండాడు గదా అనింది." కాశన్న చీర మడత పెడుతూ అతని మొఖంలోకి చూశాడు. "యాభై ఏండ్లు నూలు పోగులు చూసినోణ్ణి. ఏ పోగు యాడ ముడిపడతాదో నాకు తెలీదా? మీ అమ్మను ఒకసారి మా ఇంటికి పిల్చుకోని రా."

ఓబులేష్ మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాక కూడా చెప్పులు వేసుకోవడం మరిచిపోయాడు. కాలు కాలితే వెనక్కి వెళ్ళాడు.

మరుసటి రోజు పొద్దున శివలీల షెడ్డు తలుపు తీసేసరికి అతను ముగ్గుపిండితో మొదటి గుంటకు గీతలు గీస్తున్నాడు. పక్కన గడ్డపార, పార, గంప ఉన్నాయి.

"మా నాయన మాట్లాడినాడా?"

"మాట్లాడినాడు. బేస్తవారం అమ్మ వస్తాది."

ఆమె తల వంచుకుంది. కాసేపటికి షెడ్డు బయటికి తొంగి చూసింది.

"మిషన్ తేలేదే?"

ఓబులేష్ గడ్డపార ఎత్తి నేల మీద వేశాడు. ఖంగుమంది. చిటికెడు సున్నపు పొడి రాలింది.

"మిషన్ పెడితే ఒక పూటలో అయిపోతాది" అన్నాడు.

శివలీల గుమ్మంలో కూర్చుని టిఫిన్ డబ్బా మూత తీసింది.

"అయితే నిదానంగానే తవ్వు" అంది.