గులాబీ రంగు సోంపు గింజలు

హేగ్ నగరంలోని శాంతి సౌధంలో ఆ గురువారం ఉదయం పదింపావుకు ఉన్నవాళ్లు వీళ్లు: యుద్ధం చేసుకుంటున్న రెండు దేశాల రాయబారులు, వాళ్ల వెంట చెరి నలుగురు, ఒక ముసలి జడ్జి, కాపలాదారు హార్మెన్, పంతొమ్మిది మంది సందర్శకులు, వాళ్లకు రంగు అద్దాల కిటికీలు చూపిస్తున్న గైడు, ట్రైనీ గైడు వేషంలో సీక్రెట్ ఏజెంట్ సీట్‌స్కె, మూడు వారాల కిందట ఆమెకు జోడీ ఏజెంటుగా వచ్చిన ఎలీన్. ఇంకా, బేస్‌మెంట్‌లో, గొంతుకు సన్నటి తీగ బిగించిన ఎలక్ట్రీషియన్ శవం.

శవాన్ని సీట్‌స్కె తన చిన్న పుస్తకంలో చివరన రాసుకుంది. ఆ వరుసలో ఒకడు హంతకుడు. ఎవరో తెలియదు.

"చీఫ్, వాన మొదలైంది," అంది కాలర్‌లోని మైక్‌లోకి. శత్రు ముఠా లోపలికి వచ్చేసిందని దానికి అర్థం.

"బాంబు పెట్టే ఉంటారు," అన్నాడు చీఫ్. "పదకొండింటికి యుద్ధ విరమణ మీద సంతకాలు. ఇప్పుడు ఆ రాయబారుల్ని లేపామంటే మళ్లీ ఒక గదిలో కూర్చోరు. రేపు ఆ రెండు దేశాల ఊళ్ల మీద మళ్లీ గుండ్లు పడతాయి. వెతుకు. నిన్నూ ఎలీన్‌నూ తప్ప ఎవరినీ నమ్మను."

పై అంతస్తు అంతా గాలించేసరికి పది నలభై అయింది. మెట్ల దగ్గర హార్మెన్ ఎదురొచ్చాడు. చేతిలో ట్రే, అందులో వెన్న పూసిన గుండ్రటి రస్కులు, వాటి మీద గులాబీ, తెలుపు చక్కెర పూసిన సోంపు గింజలు.

"తీసుకో తల్లీ, సిగ్గుపడకు!"

"అబ్బ, హార్మెన్! ఎన్ని కిలోలుంది?"

"మూడున్నర. గొంతు మాత్రం ఫైరింజనే. అంతా వాళ్లమ్మ పోలిక!"

ఆకుపచ్చ పట్టు స్కార్ఫ్ సవరించుకుంటూ ఎలీన్ వచ్చింది. ఆమె నడుస్తుంటే సందర్శకులు కిటికీలు చూడడం మానేశారు. ఒక రస్కు కొరికింది.

"బాగుందే! ఇవాళ ఎవరి పుట్టినరోజు, హార్మెన్?"

హార్మెన్ జోకనుకుని పగలబడి నవ్వాడు. సీట్‌స్కె మాత్రం తను తీసుకున్న రస్కును కొరకబోయి ఆగింది. ఈ దేశంలో నాలుగేళ్ల పిల్లకైనా తెలుసు, ఈ రస్కు ఇచ్చారంటే ఆ ఇంట్లో బిడ్డ పుట్టిందని, గులాబీ గింజలైతే ఆడపిల్ల అని. ఇక్కడి మిడిల్‌బర్గ్ ఊళ్లోనే నలుగురు తమ్ముళ్లను ఎత్తుకుని పెంచానని చెప్పే ఎలీన్‌కు తెలియదా?

సీట్‌స్కె తన రస్కును జేబులో వేసుకుని, అడుగుల చప్పుడు కాకుండా పావుగంట సేపు ఎలీన్ వెంట నడిచింది.

సంతకాల హాలు పక్క గదిలో మనిషెత్తు రాతి కూజా ఉంది. ఎలీన్ కుర్చీ ఎక్కి, కూజాలో చెయ్యి పెట్టి ఏదో తిప్పుతోంది.

"మీ తమ్ముళ్లు పుట్టినప్పుడు ఏం పంచారు, ఎలీన్?"

ఎలీన్ తాపీగా కిందికి దిగింది. "మూడేళ్లు నేర్చుకున్నాను పిల్లా. మీ యాస, మీ తిట్లు, వానలో సైకిల్ తొక్కడం కూడా. ఈ పాడు రస్కుల సంగతి ఒక్కడూ చెప్పలేదు!"

స్కార్ఫ్ అంచులోంచి తీగ మెరిసింది. మరుక్షణం అది వెనకనుంచి సీట్‌స్కె మెడకు చుట్టుకుంది. చర్మం తెగింది. రక్తం కాలర్ తడిపి మైక్‌ను చంపేసింది. సీట్‌స్కె పెన్ను మూత విప్పి, అందులోని సూదిని వెనక్కి తిప్పి ఎలీన్ తొడలో దించింది, దిగాక కూడా ఇంకా నొక్కింది. ఎలీన్ అరిచి, ఆమె తలను గోడకేసి కొట్టింది. ఒకసారి. రెండోసారి. మూడోసారికి సీట్‌స్కె రెండు కాళ్లూ గోడకు తన్ని, ఒంటి బరువంతా వెనక్కి తోసింది. ఎలీన్ తల కూజా అంచుకు తగిలింది. కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడు. తీగ వదులైంది. ఆమె మళ్లీ లేవలేదు.

సీట్‌స్కె పాకుతూ కుర్చీ ఎక్కి కూజాలోకి చూసింది. పేలుడు పదార్థం, దాని మీద పాతకాలపు అలారం గడియారం, పైకి లేచి ఉన్న చిన్న ఇనుప సుత్తి. పదకొండుకు ఆరు సెకన్లు. వైర్లు వెతికే టైం లేదు.

నాలుగు. జేబులో చెయ్యి పెట్టింది.

రెండు. రస్కును సుత్తి కిందికి తోసింది.

సుత్తి పడింది. రస్కు పొడి పొడి అయింది, దాని కిందున్న ఆమె చూపుడు వేలు ఎముక విరిగింది. బాంబు పేలలేదు. ఆమె చెయ్యి బయటికి తీయగానే ఒక గులాబీ గింజ దొర్లి నేల మీద పడింది.

చీఫ్‌కు చెప్పాలి. మైక్ లేదు. సీట్‌స్కె తూలుతూ హాలు తలుపు దగ్గరికి వెళ్లి తట్టింది. తలుపు బెత్తెడు తెరుచుకుంది. కళ్లద్దాల సెక్రటరీ ఒకడు ఆమె నెత్తుటి మెడను, వేలాడే వేలును పైనుంచి కింది దాకా చూశాడు.

"కాస్త మెల్లగా అమ్మాయ్! ఏమిటా రభస? లోపల శాంతి గురించి సంతకాలు చేస్తున్నారు," అని, ఆమె ముఖం మీదే తలుపు వేసేశాడు.