తాళం పెట్టిన ఎడారి

"నా మొగుడేడిరా? ఇద్దరు పోయి ఒక్కనివే ఎట్లొచ్చినవ్?"

ఎల్లవ్వత్త నా అంగీ పట్టుకొని వాడకట్టంత ఇనేటట్టు అరిచింది.

"మామ పని ఇంకా ఒడువలే అత్తా. ఫోన్ ఖరాబైంది. పని అయినంక వస్తడు."

"ఐదు నెలల సంది గిదే ముచ్చట. నా మొఖం చూసి చెప్పు జిత్తూ! చూడవ్. పో, ఆయనను తోల్కరా. లేకుంటే నా గడప తొక్కకు."

గందుకే సూరత్‌కు మళ్లొచ్చిన.

బిక్షపతి మామ పెయింటర్. ఇరవై ఏండ్ల కింద ఊరిడిసి వచ్చి సూరత్‌ల బోర్డులు రాసేటోడు. నేను ఇంటర్ నడిమిట్ల ఇడిసిపెట్టి ఆయనెంబడి పడ్డ. కామ్‌రేజ్ దిక్కు ఒక సేఠ్ రిసార్ట్‌ల గుండ్రటి హాలు కట్టిండు. కిటికీల్లేవు, ఒక్కటే షట్టర్. గోడ చుట్టూ ఎడారి గీయాలె. నడిమిట్ల నిలబడ్డోనికి ఎటు తిరిగినా ఇసుకే కనవడాలె. మొగులు, నేల కలిసే గీతను మామ తన కండ్ల ఎత్తుకు కొట్టిండు. "చూసేటోని కన్ను కాడ గీత ఉంటెనే ఎడారి నిజమైతదిరా" అన్నడు.

లాక్‌డౌన్ పడ్డది. పోలీసోళ్లకు తెల్వకుండ, షట్టర్ దించి లోపల పని చేసేటోళ్లం. నేను సామాన్లకు పోతే బయట తాళమేసి పోయేటోణ్ణి, మామ లోపలనే. తాళంచెవి నా దగ్గర ఉండేది. ఏప్రిల్‌ల మామకు జరమొచ్చింది. దగ్గు. అదే దినం ఉన్ అనే బస్తీల ఉండే మనూరోళ్లు ఊరికి లారీ మాట్లాడిండ్రు. దగ్గేటోళ్లను ఎక్కించుకోనన్నడు డ్రైవర్.

"గోలీలు తెస్త మామా."

"జల్ది రా బిడ్డా."

తాళమేసిన. లారీ ఎక్కిన.

దారిల మామ పదకొండు సార్లు ఫోన్ చేసిండు. ఎత్తలే. ఎత్తి ఏమనాలె? పన్నెండోసారి రాలే.

గిప్పుడు, ఐదు నెలలకు, మిట్టమధ్యాహ్నం అదే షట్టర్ కాడ నిలబడ్డ. నేనేసిన తాళమే, తుప్పు పట్టింది. సేఠ్ పని ఆపేసి మళ్ల ఇటు దిక్కు రాలేదని చాయ్ బండాయన చెప్పిండు. ముక్కుకు రుమాలు కట్టుకున్న. లోపల ఏం వాసనొస్తదో నాకెర్క.

తాళం తీసి షట్టర్ లేపిన.

వచ్చింది పచ్చి రంగు వాసన.

మామ లేడు. బట్ట పేలిక సుత లేదు. ఎడారి మాత్రం పూరా అయిపోయింది. మేం సగమే గీసినం... గిప్పుడు చుట్టూ ఇసుక. ఉడుకు మొఖానికి కొడుతున్నది. కానీ గీత నా కండ్ల కాడ లేదు. మోకాలు కింద ఉన్నది.

వంగి చూసిన. కుదర్లే. కూసున్న. కుదర్లే. చెంప గచ్చుకు ఆనిచ్చి ఒరిగిన...

కుదిరింది.

పండుకున్నోని కండ్ల ఎత్తు.

అట్ల చూస్తే దూరంగ, ఇసుకల, చీమంత లారీ. ఎనుక తువ్వాల మొఖానికి కప్పుకొని ఒకడు కూసున్నడు. ఆ దినం నేను అట్లనే కూసున్న. ఎవ్వరికీ చెప్పలే. వేలు పెట్టి చూసిన... రంగు అంటింది.

ఇగ దాచుడు నాతోటి కాలే. అత్తకు ఫోన్ కొట్టిన.

"అత్తా, మామను నేనే..."

"మెల్లగ మాట్లాడు" అన్నది గుసగుసగ. నవ్వుతున్నట్టుంది. "మీ మామ పొద్దుగాలనే వచ్చిండు. గిప్పుడే కన్నంటుకున్నది. నిన్ను ఊకెనే తిట్టిన బిడ్డా, మనసుల పెట్టుకోకు. ఆయన కాళ్లు ఎన్నిమార్లు కడిగినా ఇసుక వస్తనే ఉన్నది."

ఫోన్ల ఆమె ఎనుక గురక ఇనవడుతున్నది. నాకెర్కున్న గురకనే.

ఇక్కడ... నా ఎనుక... గచ్చు మీద...

ఇసుకల దిగబడుకుంట కాళ్లు నడుస్తున్న చప్పుడు. మెల్లగ. దగ్గరికి.

"ఏదో చెప్పవోతివి గదా జిత్తూ?" అన్నది అత్త.

మీరైతే చెప్తరా?