పులుసుకని తెచ్చిన కోళ్లు

జునిల్డా గేటు ముందు నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ ఊళ్లో పరాయి ఇంటికి వెళ్తే ఎవరైనా అలాగే పిలుస్తారు. కాకపోతే ఆమె కొట్టిన చప్పట్లు ఆమెకే వినపడలేదు. ఇంకోసారి కొట్టింది. గేటు పక్కన పడుకున్న కుక్క చెవి కూడా కదపలేదు.

"దోమల్ని చంపుతున్నావా, ఇంట్లోవాళ్లని పిలుస్తున్నావా?"

గొంతు పైనుంచి వచ్చింది. జునిల్డా తలెత్తి చూసింది. నారింజ చెట్టు ఆకుల మధ్య ముందు రెండు పాదాలు కనిపించాయి, తర్వాత ఒక మొహం. ఆ మొహానికి అటొకటి ఇటొకటి రెండు కోళ్లు కూర్చుని ఉన్నాయి. మూడూ కలిసి ఆమెనే చూస్తున్నాయి.

"కోడి..." అంది జునిల్డా.

"ఏ కోడి?"

"కావాలి."

దారంతా ఆమె అనుకుంటూ వచ్చింది ఇది కాదు. 'మేము బస్సుల మలుపు దగ్గర హోటల్ వాళ్లమండీ, పెరట్లో తిరిగి పెరిగిన కోడి ఒకటి కావాలండీ' అని పద్యంలా అప్పజెప్పుకుంటూ వచ్చింది. ఎర్రమట్టి దారి పొడుగునా బాగానే వచ్చింది. గేటు దగ్గర మాత్రం మొత్తం ఎగిరిపోయింది.

జునిల్డా వాళ్లమ్మని ఊళ్లో మర్యాదగా న్యా సెఫెరీనా అంటారు. ఆమె హోటల్ ముందు ఒక బోర్డు ఉంటుంది: 'ఇక్కడ ఉడికేదంతా మన చుట్టుపక్కల పెరిగిందే.' అది ఉత్త మాట కాదు. కర్రపెండలం వెనక తోటలోది. మొక్కజొన్న పిండి కాలవ అవతలి మరలో ఆడించింది. చీజు పక్కింటి ఆవుది, ఆ ఆవు పేరు కూడా గిరాకీలకు తెలుసు. ఒక్క కోడికే చిక్కొచ్చిపడింది. ఎప్పుడూ కోళ్లిచ్చే ముసలామె కూతురి దగ్గరికని రాజధాని అసున్సియోన్ వెళ్లిపోయింది. చేసేది లేక న్యా సెఫెరీనా ఒక ఆదివారం సూపర్ మార్కెట్లో దొరికే ఐసు కోడితో వోరీవోరీ వండింది. మొక్కజొన్న పిండి, చీజు కలిపి ఉండలు చుట్టి కోడి పులుసులో వేసే ఆ వంట కోసమే జనం ఆమె హోటల్‌కి వస్తారు.

అందరూ గౌరవంగా 'డాన్' అని పిలిచే బస్సు డ్రైవరు అనస్తాసియో ఒక్క గుక్క నోట్లో పోసుకుని, చెంచా కింద పెట్టేశాడు.

"సెఫెరీనా, ఈ కోడి జన్మలో ఒక్కసారి కూడా పరిగెత్తినట్టు లేదు."

తిట్టినా బాగుండేది. ఆయన తిట్టలేదు. లేచి వెళ్తూ బోర్డు వంక ఒకసారి చూశాడంతే. గుమ్మంలో ఆగి ఇంకో మాటన్నాడు. మనవడి బాప్తిస్మం విందు ఈ హోటల్లోనే పెట్టాలనుకున్నాడట. ఈ నెలలో ఒక్క ఆదివారమైనా సరైన పులుసు తినిపిస్తే విందు వీళ్లదే. లేదంటే ఎదురుగా ఉన్న మాంసం కాల్చే కొట్టుకే వెళ్తాడు.

"ఆ విందు పోతే బోర్డు దించేస్తాను. అబద్ధం కింద కూర్చుని అన్నం పెట్టలేను," అంది న్యా సెఫెరీనా. అలా ఇరవై ఏళ్లొచ్చినా ఎవరి కళ్లలోకీ చూడని జునిల్డాని కోడి కోసం ఊరి మీదికి పంపించింది.

ఊళ్లో ఎవరిని అడిగినా ఒకే పేరు చెప్పారు. డెర్లిస్. అసున్సియోన్ వెళ్లిన ఆ ముసలామె మనవడే. అవ్వ వదిలి వెళ్లిన కోళ్లన్నీ నారింజ తోటలో పెంచుతున్నాడు. దాణా సంచి మొహం చూడని కోళ్లట.

డెర్లిస్ చెట్టు దిగి, జుట్టులో ఈకలు దులుపుకున్నాడు.

"ఎవరు తింటారు?"

"డ్రైవర్లు."

"నెమ్మదిగా తింటారా, బస్సు పోతుందని మింగేస్తారా?"

"...నెమ్మదిగానే."

"అయితే ఇస్తా. మా కోళ్లు పురుగు కోసం అరపూట తవ్వుతాయి. అలాంటిదాన్ని ఆదరాబాదరా మింగితే నాకు బాధ." అంటూ తోటలోకి వెళ్లి, ఎర్రటి తురాయి ఉన్న కోడితో వచ్చాడు. "ఇది మా బ్లాసిడా అత్త. అత్త కాదనుకో, గొంతు అచ్చం అత్తదే. పులుసుకోడి ధరే ఇవ్వు."

జునిల్డా తన చెప్పుల వంకే చూస్తూ సంచి పట్టింది. కోడి తోక కింద వేళ్లు పెట్టి, గుడ్ల మీదుందో లేదో చూడటం ఆమెకు తెలియక కాదు. ఒక కుర్రాడి ముందు ఆ పని ఎలా చేస్తుంది?

ఇంటికి రాగానే వాళ్లమ్మ చూసింది.

"ఓసి నీ దుంపతెగ! ఇది గుడ్ల మీదుందే! తోక కింద ఎముకల మధ్య మూడు వేళ్లు పడుతున్నాయి."

"అంటే కోయవా?"

"గుడ్డు పెట్టే పెట్టని కోసిందని తెలిస్తే మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి కర్ర తీసుకుంటుంది."

బ్లాసిడా అత్త మర్నాడే పొయ్యి పక్కన గుడ్డు పెట్టి ఊరంతా వినపడేలా చాటింపు వేసింది. ఆ ఆదివారం వోరీవోరీ ఉండలు చిక్కుడుగింజల పులుసులో తేలాయి. డాన్ అనస్తాసియో గిన్నె అడుగు దాకా వెతికాడు.

"ఇందులో కోడి ఇప్పుడే లేచి బయటికి వెళ్లినట్టుంది," అన్నాడు.

నిజంగానే పెరట్లో తిరుగుతోంది.

రెండోసారి జునిల్డా గేటు చేరేసరికి వాన అందుకుంది. ఈసారి చప్పట్లు కొట్టకుండానే కుక్క మొరిగింది. డెర్లిస్ ఆమెను వసారాలో కూర్చోబెట్టి, తెరెరే తాగే కొమ్ముగ్లాసులో ఆకుపొడి, పుదీనా మీద చల్లటి నీళ్లు పోసి, పీల్చే గొట్టంతో అందించాడు. ఆమె తాగింది, అతను తాగాడు. ఒకే గొట్టంతో మార్చి మార్చి తాగడం ఊళ్లో అందరూ అందరితో చేసేదే. అయినా ఆవేళ ఆ గొట్టం చివర ఏదో తేడాగా అనిపించింది జునిల్డాకి. పుదీనా ఎక్కువైందేమో అనుకుంది.

"బ్లాసిడా అత్త పులుసెలా ఉంది?"

"గుడ్డు పెట్టింది."

"అయ్యో!" అన్నాడు డెర్లిస్. ఆ అయ్యోలో బాధ తక్కువగా ఉంది. వాన రేకుల మీద గట్టిగా పడుతోంది కనుక ఆమెకు ఆ సంగతి తెలియలేదు. "పొరపాటయింది. ఈసారి ముసల్దాన్నే ఇస్తా. వాన తగ్గనీ."

వాన తగ్గింది. ఇద్దరిలో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి కదా, అదే వాన అన్నట్టు కూర్చున్నారు.

ఆ 'ముసల్ది' రాత్రి గడవకముందే గుడ్డు పెట్టింది.

"ఆ కుర్రాడికి కళ్లు లేవా, నీకు నోరు లేదా?" అంది న్యా సెఫెరీనా. "పెరట్లో కోళ్లు పెరుగుతున్నాయి, పులుసులో కోడి లేదు! డ్రైవర్లు ఆమ్లెట్లు తిని పోతున్నారు. ఇంక ఒక్క ఆదివారమే ఉందే తల్లీ. ఈసారి కూడా గుడ్లకోడిని తెచ్చావంటే నిన్నే ఉడకబెడతా."

శనివారం జునిల్డా కోపంగా నడిచింది. ఆమెకు కోపం అలవాటు లేదు, అందుకని మధ్యమధ్య ఆగి మళ్లీ తెచ్చుకోవాల్సి వచ్చింది. గేటు దగ్గర చప్పట్లు ఎంత గట్టిగా కొట్టిందంటే కుక్క లేచి ఇంటి వెనక్కి పోయింది.

డెర్లిస్ అప్పటికే కోడిని చంకలో పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. తల దువ్వుకుని ఉన్నాడు కూడా.

"ఇలా ఇవ్వు," అంది జునిల్డా.

కోడిని లాక్కుని, తిప్పిపట్టి, వేళ్లు పెట్టి చూసింది.

"దీని కడుపులో గుడ్డుంది!"

చెట్ల మీది కోళ్లన్నీ ఒక్కసారి ఎగిరాయి. అంత గొంతు తనదేనని ఆమెకే తెలియదు.

"అదీ... చూడలేదు..."

"కోళ్లకి అత్తల పేర్లు పెట్టినవాడివి, ఏది గుడ్ల మీదుందో చూడలేదా? మాట్లాడటం రాదని నాతో ఆడుకుంటున్నావా? రేపు పులుసు లేకపోతే మా అమ్మ బోర్డు దించేస్తుంది, తెలుసా?"

డెర్లిస్ మొహంలో నవ్వు పోయింది.

"బోర్డు సంగతి తెలీదు. ఒట్టు." నేల మీది నారింజపండును కాలితో దొర్లించాడు. "ముసలి కోడిని ఇచ్చాననుకో. మీ అమ్మ వండుతుంది. అందరూ బాగుందంటారు. ఇక వారం వారం పాలబండి మీద పంపించెయ్యమంటుంది. అంతేగా?"

"అంతే. అయితే?"

"అయితే నువ్వెందుకొస్తావు?"

జునిల్డా చేతిలో కోడి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"ఊరికే రమ్మని అడగొచ్చుగా," అంది జునిల్డా.

"అడిగితే వచ్చేదానివా?"

"రాను."

"మరి?"

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని కోడి రెక్కల్లో మొహం దాచుకుంది. కోడికి అది నచ్చలేదు.

"ఇప్పుడు నిజంగా పులుసుకొచ్చేవే కావాలి. ముసలివి. తురాయి వాడినవి. నేను చూసే తీసుకుంటా."

ఒక్కొక్కదాన్నే పట్టి చూసి ఏరింది. అతను సంచిలో వేస్తూ ప్రతిదాని చెవిలోనూ ఏదో చెప్పాడు.

"ఈసారి సంచి నువ్వు మొయ్యి," అంది జునిల్డా.

న్యా సెఫెరీనా వంటింటి గుమ్మంలో నిలబడి, చేతిలో కత్తితోనే, కుర్రాణ్ణి కాళ్ల నుంచి తల దాకా చూసింది.

"నువ్వేనా? గుడ్లు పెట్టే పెట్టని పులుసుకోడి ధరకి ఇచ్చేవాళ్లు రెండే రకాలు నాయనా. మతి లేనివాడు, మనసు పడ్డవాడు. నువ్వే రకం?"

"రెండూ కలిసిన రకమండీ," అన్నాడు డెర్లిస్, కత్తి వంకే చూస్తూ.

"నిజం చెప్పావు. కూర్చో, ఈకలు పీకు."

కూర్చున్నాడు. పీకుతున్నంతసేపూ ముక్కు ఎగబీలుస్తూనే ఉన్నాడు. వేడినీళ్ల ఆవిరన్నాడు. ఎవరూ నమ్మలేదు.

ఆదివారం హోటల్ నిండిపోయింది. పులుసు మీద పసుప్పచ్చటి కొవ్వు చిన్న చిన్న సూర్యుల్లా తేలుతోంది. డాన్ అనస్తాసియో మొదటి చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఆయన కళ్లు తెరవకుండానే రెండో చెంచా తిన్నాడు, మూడోదీ తిన్నాడు. గిన్నె ఖాళీ అయ్యాక ముందుకు జరిపాడు.

"ఇంకాస్త పొయ్యి. బాప్తిస్మానికి నలభైమందిమి వస్తాం. ఎదురుకొట్టువాడికి నేనే చెప్తాలే."

న్యా సెఫెరీనా వంటగుడ్డతో మొహం తుడుచుకుంది. తర్వాత గొంతు సవరించుకుని, మూలన నిలబడ్డ డెర్లిస్‌ని పిలిచింది.

"ఇక వారం వారం నీ కోళ్లే. నువ్వు అవస్థపడి రానక్కర్లేదు, మా పిల్ల అంత దూరం నడవక్కర్లేదు. పాలబండి మీద పంపించెయ్."

డెర్లిస్ మొహం వాడిపోయింది. అయినా తలూపాడు.

"పాలబండి వద్దు!"

చెంచాలన్నీ ఆగాయి. వంటింటి గుమ్మంలో చేతిలో గిన్నెలతో నిలబడ్డ జునిల్డా చెవుల దాకా ఎర్రబడింది. అయినా తల దించుకోలేదు.

"నేనే వెళ్లి తెస్తా. చూసి తేవాలి. అతనికి కోళ్లు ఇవ్వడం రాదు."

డ్రైవర్లలో ఎవరో ఈల వేశారు. న్యా సెఫెరీనా నవ్వు దాచుకోవడానికి పొయ్యి వైపు తిరిగింది.

"వెళ్లు. ఎవరొద్దన్నారు? వానొస్తే సాయంత్రమవుతుంది నువ్వొచ్చేసరికి. ఇక్కడ వడ్డించేదెవరు?"

"నేను వడ్డిస్తానండీ!" అన్నాడు డెర్లిస్ వెంటనే.

"నువ్విక్కడ వడ్డిస్తుంటే అది అక్కడ ఎవరి దగ్గరికెళ్తుంది నాయనా?"

డెర్లిస్ నిజంగానే ఆలోచించాడు. హోటల్ హోటలంతా నవ్వుతుంటే నిస్సహాయంగా జునిల్డా వంక చూశాడు. ఆమె కూడా మొదటిసారి అందరి ముందూ అతని కళ్లలోకి చూసి, చేతిలో గిన్నెలు అతని చేతిలో పెట్టబోయి ఆగింది.

"ముందు చేతులు కడుక్కో," అంది. "ఈకలున్నాయి."