నాటకంలో మేనత్త

భూదేవి చీర అంచున వేలాడే దారాలను చిన్న కత్తెరతో కత్తిరిస్తోంది. ఆమె ఇచ్చిన చీరలను కూతురు సంధ్యారాణి మడత పెడుతోంది. ఆ చీరల మూటను రింగ్ రోడ్ మార్కెట్‌కు చేర్చాల్సిన టెంపో డ్రైవర్ నరహరి, వాన వంకతో గడపలోనే కూర్చున్నాడు.

"నిన్న నాటకంల బాగ ఏడ్చినవట?" అన్నాడు సంధ్యతో.

"నేనా? నువ్వు ముక్కు చీదింది ముందు వరుసల దాక ఇనబడ్డది."

"అది జలుబు."

"ఆఁ, సరిగ్గ పిల్ల ఏట్ల దునికినప్పుడే వచ్చింది! గా కొస పట్టుకో జర."

అతను లేచి చీర కొస పట్టుకున్నాడు. ఒక్కో మడతకూ ఇద్దరూ దగ్గరై, వేళ్ళు తగలగానే ఉలిక్కిపడి వెనక్కి జరుగుతున్నారు. మడత పెట్టడం ఇంత నెమ్మదిగా సాగే పని కాదని భూదేవికి తెలుసు.

ఉధ్నా పేటలో స్థిరపడ్డ తెలుగువాళ్ళ సంఘం నిన్న ఆడింది పాత కథే. పిల్లకు వేరే సంబంధం ఖాయమైందని విని పిల్లవాడు వరద ఏట్లో దూకుతాడు. వెనకే ఆ పిల్లా దూకుతుంది. పిల్ల మనసు ఆమెను పెంచిన మేనత్తకు మాత్రం ముందే తెలుసు.

"ఇద్దర్ని సంపింది ఆ తండ్రే. మాట ఇచ్చిన్నని మొండికేసిండు," అన్నాడు నరహరి.

"ఆయనకేం ఎరుక? పిల్ల మనసుల ఎవడున్నడో ఎవరన్న చెప్పిన్రా?"

"అయితే పిల్లగానిదే తప్పు. జర ఆగకపోయె."

"నీ తీర్గనే. సాంచ మీద ఏడాదన్న ఆగకుంట టెంపో ఎక్కలే?"

నరహరి నవ్వు ఆగిపోయింది. అతనికి సాంచ మీద, అంటే మరమగ్గం మీద, పని ఇప్పించింది సంధ్య తండ్రి సోమలింగమే. అది వదిలేసినప్పటి నుంచి ఆయన ఇతనితో మాట్లాడడు.

భూదేవి తల ఎత్తలేదు. నరహరి మీద మనసుందని కూతురు ఎండాకాలంలోనే చెప్పింది. 'బాపుకు నేను జెప్త, నువ్వు నోరు తెరువకు' అని తానే మాట ఇచ్చింది. ఆ తర్వాత, అన్నం ముందు వద్దనుకుంది. పండుగ పూట వద్దనుకుంది. ఈ సాయంత్రం సోమలింగం కోసాడ్ నుంచి కూతురికి వచ్చిన సంబంధం వాళ్ళకు ఫోన్లో మాట ఇచ్చేస్తాడు.

"నాకైతే మేనత్త మీద కోపం," అంది సంధ్య.

"ఆమేం జేసింది పాపం? కడుపుల పెట్టుకుని చూసుకున్నది," అన్నాడు నరహరి.

"అన్నీ జేసింది. అన్నకు ఒక్క మాట చెప్పలే. నాటకం అయినంక జనమంత తండ్రి వేషమాయన్ని తిట్టిన్రు, మేనత్తకు చప్పట్లు కొట్టిన్రు. గదే నాకు నచ్చలే."

"భయపడ్డదేమో."

"పడ్డది. ఆ పిల్ల గూడ భయపడ్డది. దానికి నోరు లేదా? అందరు మంచోళ్ళే నరహరీ. అందరు ఇంకొకరు చెప్తరనుకున్నరు."

కత్తెర చప్పుడు ఆగింది. సంధ్య తల్లి వైపు చూసి నాలుక కరుచుకుంది.

"అమ్మా, నిన్ను అన్లే..."

భూదేవి ఒళ్ళోని చీరను పక్కన పెట్టింది. భర్త వేయబోయే కేకలు ఇప్పుడే చెవుల్లో వినిపిస్తున్నాయి. అయినా ఆ రెండు మొహాలను ఒకసారి తేరిపార చూసింది. మడతలో ఆగిపోయిన చీరకు చెరో కొసన ఇద్దరూ కదలకుండా నిలబడి ఉన్నారు.

"ఎటు అత్తా, గీ వానల?" అన్నాడు నరహరి.

ఆమె చెంగు నెత్తిన కప్పుకుంది. గడప దాటి, సోమలింగం పగటి షిఫ్టులో ఉన్న కార్ఖానా వైపు నడిచింది.