ఎనుముకు పోయిన ముద్ద

తెల్లవారి మరమగ్గాల మోత మొదలయ్యేసరికి నగరి పట్టణంలోని ఆ ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయి. వంటింట్లో కోడలు మోహన అనపగింజల పులుసు కాస్తోంది. వెనక వరండాలో అత్త కుప్పమ్మ రాగి సంగటి గెలుకుతోంది. మునిప్రసాద్‌కు గుండెలో స్టెంటు వేసిన రోజున, నీ వంటే నా బిడ్డను పడగొట్టిందని అత్త, నీ గారాబమే పడగొట్టిందని కోడలు ఆసుపత్రిలోనే అరుచుకున్నారు. అప్పటినుంచి పొయ్యిలు వేరు, మాటలు బందు.

నిన్న తిరుపతిలో డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి మొహం చిట్లించింది. పేగుల్లో మనకు మేలు చేసే సూక్ష్మజీవులుంటాయనీ, రాగులు, గింజలు, ఆకుకూరల్లోని పీచే వాటికి తిండి అనీ, అవి బాగుంటే కొవ్వు, చక్కెర అదుపులో ఉండటానికి సాయం దొరుకుతుందనీ మళ్లీ చెప్పింది. "ఇంట్లో ఇవే వండుతున్నామంటున్నారు. మరి ఇలా పెరిగాయేం?" అని అడిగితే మునిప్రసాద్ నేల చూశాడు.

పొద్దున్నే కుప్పమ్మ గరిటె నేలకేసి కొట్టింది.

"పెరక్క ఏమయితాది! నీ చేతి మహిమ అట్లుండాది."

చాలాకాలానికి మోహన నేరుగా బదులిచ్చింది. "నా చేతిదా? ఆయన నాకాడ తింటే కదా! 'మాయమ్మ సంగటి పెట్టింది, కడుపు నిండిపోయినాది' అని మగ్గాల షెడ్డుకు పనికి పోతాడు."

"అబద్ధాలు! నా ముద్ద యాడ ముట్టినాడు? 'మోహన పెట్టింది మా' అంటాడు. దినామూ ఎనుము తొట్లోకే ఏస్తాండా."

"నా పులుసు పక్కింటోళ్లకు పోస్తాండా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అయితే వీడు యాడ తింటాండాడు?"

చొక్కా గుండీలు పెట్టుకుంటూ మెల్లగా గడప దాటబోతున్న మునిప్రసాద్ ఆగిపోయాడు.

"బస్టాండు కాడ. పరోటా, దాంట్లోకి నూనె తేలే సాల్నా."

"గుండెలో స్టెంటు పెట్టుకోని పరోటాలా! నన్ను ముండమోపిని చేయాలనా?" మోహన అరిచింది.

"ఏం జేయమంటావే?" అతనూ అరిచాడు. "అమ్మ ముద్ద తింటే నువ్వు మొకం తిప్పుకుంటావు. నీ పులుసు పోసుకుంటే అమ్మ ఏడుపు పెడతాది. ఈ ఇంట్లో ముద్ద ముద్దకూ ఓట్లు లెక్కబెడతారు. ఆ పరోటా అంగట్లో నన్నెవురూ ఏమీ అడగరు!"

అరిచి ఆయాసపడి, రొమ్ము పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు.

"నాయనా! నొప్పా?"

"లేదు మా. మీ ఇద్దరికీ సర్ది చెప్పలేక అలిసిపోయినా."

కుప్పమ్మ అక్కడే కూర్చుండిపోయింది. కోడలి మీద గెలవాలనే పంతంలో, కొడుకు తిన్నాడో లేదో కోడల్ని ఒక్కమాట అడగలేదు. ఆ ఒక్కమాట అడిగి ఉంటే! మోహనకూ అదే తట్టినట్టుంది. కొంగుతో కళ్లు తుడుచుకుని పళ్లెం తెచ్చి అత్త ముందు పెట్టింది. కుప్పమ్మ ముద్ద పెట్టింది. మోహన దానిమీద పులుసు పోసింది.

మునిప్రసాద్ వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. కుప్పమ్మ వేలితో పులుసు నాకి చూసింది.

"ఉప్పు ఎక్కువుండాది."

"నీ నోటికన్నా తక్కువేలే అత్తా."

కుప్పమ్మ లేచిపోలేదు. కొడుకు పళ్లెంలో ఇంకో ముద్ద పెట్టింది. పెరట్లో ఎనుము తన ముద్ద కోసం అరిచింది. ఎవరూ కదల్లేదు.