పిచ్చమ్మ కడుపు మీద కన్ను

"టార్గెట్ మనిషి కాదు. ఆ మనిషి పేగుల్లో ఉన్న బాక్టీరియా."

ఏజెంట్ ఆదిశేషు తను సరిగ్గానే విన్నాడా అని చెవిలో ఇయర్‌పీస్ సర్దుకున్నాడు. ఖాకీ చొక్కా, మెడలో తువ్వాలు, గిద్దలూరు స్టేషన్ బయట ఆటోడ్రైవర్ వేషం. ఢిల్లీ నుంచి మాట్లాడుతున్నది చీఫ్ సుందరరాజు.

"మళ్లీ చెప్పండి సార్."

"రాచర్ల దగ్గర ఒక పల్లె. పేరు పిచ్చమ్మ, యాభై రెండేళ్లు, కూలి పని. బరువు నూట నాలుగు కిలోలు. ఆ బరువుకి షుగర్ రావాలి, బీపీ రావాలి, లివర్‌కి కొవ్వు పట్టాలి. ఏదీ లేదు. రిపోర్టులన్నీ క్లీన్. కారణం ఏమిటా అని మన ల్యాబ్ వాళ్లు వెతికితే ఆమె పేగుల్లో ఒక కొత్త బాక్టీరియా దొరికింది. దాన్ని ల్యాబ్‌లో పెంచడం ఎవరికీ చేతకావడం లేదు. అందుకే తాజా శాంపిల్ కావాలి. శాంపిల్ అంటే ఏమిటో అర్థమైందిగా?"

"అర్థమైంది సార్," అన్నాడు ఆదిశేషు, మొహం చిట్లించి.

పదిహేడేళ్ల సర్వీసు! సబ్‌మెరైన్ ప్లాన్లు కాపాడినవాడు, రెండు దేశాల్లో తుపాకి గుళ్లు తప్పించుకున్నవాడు, ఇవాళ మలం డబ్బాకి ఎస్కార్టు. ఛీ, ఏం బతుకురా ఇది అనుకున్నాడు.

"ఎవరి కన్ను పడింది సార్ దీనిమీద?"

"గోల్డెన్ గట్ సిండికేట్. అంటే బంగారు పేగు. యూరప్ ముఠా."

ఆ ముఠా గురించి ఆదిశేషుకి తెలుసు. దాని కస్టమర్లు నాలుగు పూటలా మేసి, లిఫ్టు లేనిదే మొదటి అంతస్తు కూడా ఎక్కని కుబేరులు. నోరు కట్టుకోరు, కాలు కదపరు. పిచ్చమ్మ ఒంట్లో పుట్టినదాన్ని క్యాప్సూల్‌లో పెట్టి మింగితే జబ్బులు దగ్గరికి రావని వాళ్ల ఆశ. సిగ్గూ శరమూ లేని జాతి.

"మన ల్యాబ్ నుంచి డాక్టర్ జెస్సీ వస్తోంది. పల్లెకి తీసుకుపో. శాంపిల్‌తో సహా రైలెక్కించు. ఓవర్."

రైలొచ్చింది. నల్ల కళ్లద్దాలు, ప్యాంటు, తెల్ల షర్టు, భుజాన హ్యాండ్‌బ్యాగ్, చేతిలో స్టీలు ఫ్లాస్కు. స్టేషన్లో ఉన్నవాళ్లంతా తల తిప్పి చూస్తుండగా ఆమె తిన్నగా ఆటో దగ్గరికి వచ్చింది.

"కొర్రన్నం ఉడికిందా?"

"ఇంకా పొంగు రాలేదు."

ఇంతకంటే దరిద్రపు కోడ్ వర్డ్ ప్రపంచంలో ఏ గూఢచారి సంస్థకీ ఉండదు. ఇక ఆ ఆటో సంగతి చెప్పనే అక్కర్లేదు. హారన్ నొక్కితే ఢిల్లీకి ఎమర్జెన్సీ సిగ్నల్ పోయేట్టు దాన్ని తయారుచేసిన మేధావి, రాచర్ల రోడ్డు మీద ఎన్ని గొర్రెలుంటాయో జన్మలో చూసి ఉండడు.

"ఏమయ్యా, ముప్పై నాలుగు ఎమర్జెన్సీలేమిటి?" దారి మధ్యలో ఇయర్‌పీస్‌లో అడిగాడు చీఫ్.

"గొర్రెలు సార్."

పల్లెలో పిచ్చమ్మ ఇంటి ముందు అప్పటికే ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఐదారుగురు చేరారు. జెస్సీ కళ్లద్దాలు తీసి తియ్యగా నవ్వింది.

"వందనాలమ్మా. నేను గిద్దలూరు పాస్టరు గారి అమ్మాయిని."

అంతే, పిచ్చమ్మ కరిగిపోయింది. జెస్సీ ఇచ్చిన డబ్బాలో శాంపిల్ తెచ్చిచ్చింది. జెస్సీ దాన్ని ఫ్లాస్కులో పెట్టి బిగించింది.

"నాకేం కాదు గదమ్మా?" అంది పిచ్చమ్మ. "మా చెల్లెలికి షుగరొచ్చి కాలు తీసేసినారు. సంవత్సరం తిరక్కుండానే పోయింది. నా కాళ్లు నాకుండాల. ఈ కాళ్లతోనే గదా నేను కూలికి పోయేది."

"అందుకే ఈ రెండు మాత్రలు. బలానికి," అంటూ జెస్సీ ఎర్ర క్యాప్సూల్స్ ఆమె అరచేతిలో పెట్టింది.

వాకిట్లో నిలబడ్డ ఆదిశేషు చెవిలో చీఫ్ అరిచాడు.

"ఆదిశేషూ! జెస్సీ డబుల్ ఏజెంట్! ఇప్పుడే మెసేజ్ పట్టుకున్నాం. శాంపిల్ తీసుకుని, పిచ్చమ్మ కడుపులో ఉన్నది తుడిచిపెట్టడం ప్లాన్. ఎర్ర క్యాప్సూల్స్, యాంటీబయాటిక్, గుర్రాలకిచ్చేంత డోసు. పేగుల్లో మంచీ చెడూ అన్నీ చస్తాయి. ఇక ఆ సరుకు లోకంలో వాళ్ల దగ్గరే ఉంటుంది."

"మరి ఆమె, సార్?"

"షుగర్ రావచ్చు. ఏమైనా రావచ్చు."

ఆదిశేషుకి ఒళ్లు మండిపోయింది. ఎక్కడో కూర్చుని మేసేవాళ్ల కోసం ఈ కష్టజీవి కాళ్లు తీసేస్తారా, వెధవలు! ఒక అడుగు ముందుకేశాడు.

అతను చెవి మీద చెయ్యి వేయడం జెస్సీ చూడనే చూసింది. ఆమె కుడిచెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. లోపల్నుంచి తుపాకి గొట్టం బ్యాగ్ తోలును పొడుచుకుని పిచ్చమ్మ వైపు తిరిగింది.

"ఆటో స్టార్ట్ చెయ్యన్నా. అమ్మ మాత్ర మింగగానే వస్తా."

ఆదిశేషు ఆగిపోయాడు. పిచ్చమ్మ నీళ్ల గ్లాసు ఎత్తింది. ఎత్తి, మళ్లీ కింద పెట్టింది.

"ఉండమ్మా. ప్రార్థన చేసుకోకుండా మాత్ర గూడా నోట్లో ఎయ్యను. నువ్వే చెయ్యి, పాస్టరు బిడ్డవు గదా."

జెస్సీకి మూడు దేశాల్లో ట్రైనింగ్ అయింది. ఉరితాడు ముడి వేయడం నేర్పారు, విషం కలపడం నేర్పారు, ప్రార్థన మాత్రం ఎవరూ నేర్పలేదు.

"మీరే చెయ్యండమ్మా," అంది చివరికి.

"సరే గానీ, తలమీద ముసుగేది? పాస్టరు బిడ్డవై ఉండి ఇట్లనేనా నిలబడేది?" గోడవార ఆడవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. పిచ్చమ్మ దండెం మీది తువ్వాలు లాగి జెస్సీ నెత్తిన కప్పేసింది. అది గడ్డం దాకా జారింది. "చేతులు జోడించు. ఏందమ్మా ఆ సంచిలో చెయ్యి? రెండు చేతులూ!"

ఆరు జతల కళ్లు తనమీదే ఉన్నాయి. ఎంత, ఒక్క నిమిషం ప్రార్థనే కదా అనుకుంది జెస్సీ. ఫ్లాస్కు కింద పెట్టి చేతులు జోడించింది. ఆడవాళ్లు తలలు వంచి కళ్లు మూసుకున్నారు.

"పరిశుద్ధుడవైన తండ్రీ, నీకే స్తోత్రం..."

పిచ్చమ్మ ప్రార్థన ఒక్క నిమిషంలో ఎప్పుడైనా అయిందా? రాచర్ల మండలానికి వాన కావాలంది. గొర్రెలకు రోగాలు రాకూడదంది. కలెక్టరునూ, ఆయన పిల్లల్నీ దీవించమంది. "ఆ ఆటో అబ్బాయికి మంచి బుద్ధియ్యి తండ్రీ, దారెంట ఊరికే హారన్ కొట్టకుండా" అంది. ఈలోగా ఆటో అబ్బాయి పిల్లిలా వచ్చి హ్యాండ్‌బ్యాగ్‌లోని తుపాకి తీసి నడుముకి దోపుకున్నాడు. ఫ్లాస్కు తీసి దూరంగా పెట్టాడు. క్యాప్సూల్స్ మాత్రం అందలేదు. పిచ్చమ్మ పిడికిలి ఉడుంపట్టులా బిగిసి ఉంది.

"...యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ, ఆమెన్!"

జెస్సీ జోడించిన చేతులకు బేడీలు ఠక్కున పడ్డాయి. సరిగ్గా అదే క్షణంలో పిచ్చమ్మ అరచెయ్యి నోటి దగ్గరికి పోయింది. ఆదిశేషు ఒక్క ఉదుటున ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఒక క్యాప్సూల్ నేల మీద పడింది. రెండోది కింది పెదవికి అంటుకుని ఉంటే వేలితో తీసేశాడు.

తువ్వాలు కింద నుంచి జెస్సీ బుస కొట్టింది. "సిగ్గులేదూ? నీ గవర్నమెంటు నిన్ను మలం మోయడానికి పంపింది!"

"దొంగతనంగా మోసుకుపోబోయింది నువ్వు కదా మేడమ్."

పిచ్చమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది. "ఏందబ్బాయా ఇదంతా?"

ఆదిశేషు పూసగుచ్చినట్టు చెప్పాడు. ముఠా, మాత్రలు, ఆమె కడుపులో ఉన్న నిధి, కాళ్ల మీదికి రాబోయిన ముప్పు. ఆమె కాసేపు తన కాళ్ల వంకే చూసుకుని, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత ఆ ముసుగు బొమ్మ వైపు తిరిగి, పురుగును చూసినట్టు చూసింది.

"ఉన్నమాట చెప్పి అడిగితే ఇయ్యనా తల్లీ? రోజూ పొద్దున్నే నేను పారబోసి వచ్చేదానికి నీకు తుపాకి ఏంది, వేషమేంది!"

ఆ సాయంత్రం ఆదిశేషు అన్నీ రిపోర్టులో రాశాడు, ఆ ఒక్క మాట తప్ప. అది చదివితే ఢిల్లీలోనూ యూరప్‌లోనూ చాలామంది ఉద్యోగాలు పోతాయి.