తొమ్మిదో గుంట ఖాళీ

తొమ్మిదో గుంట ఖాళీగా ఉంది.

చిన్న మేస్త్రి కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. గుడ్ల అట్టలో ఎనిమిదో గుంటలో స్ప్రింగ్ ఉంది. పదో గుంటలో రెండు స్క్రూలు ఉన్నాయి. మధ్యలో ఉండాల్సిన పళ్ళచక్రం మాత్రం మాయమైపోయింది.

ఆ పిల్లకు పదేళ్ళు. నాన్న వాచీలు, గడియారాలు బాగుచేస్తాడు. ఇంటి ముందుగదే షాపు. చేతిలో స్క్రూడ్రైవర్ లేకుండా ఎప్పుడూ కనబడదు కాబట్టి వీధిలో అందరూ ఆమెను చిన్న మేస్త్రి అంటారు. ఈ పాత అలారం గడియారాన్ని ఆమె ఒక్కతే విప్పింది. విప్పిన వరుసలోనే ఒక్కో ముక్కనూ ఒక్కో గుంటలో పెట్టింది. నాన్న పద్ధతి అదే. చివర తీసినదాన్ని ముందు బిగించుకుంటూ వస్తే సరి, గడియారం తయారు.

రేపే స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్. అందరి ముందూ అది గణగణా మోగాలి. చక్రం లేకపోతే అది గడియారం కాదు, ఉత్త డబ్బా.

ఎవరు తీసి ఉంటారు? అమ్మ హాస్పిటల్‌లో డ్యూటీకి వెళ్ళింది. నాన్న షాపులో ఉన్నాడు. ఇక మిగిలింది చెల్లెలు బుడ్డిది, నాలుగేళ్ళ పిడుగు.

“నా చక్రం తీశావా?”

బుడ్డిది రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. “పిల్లి తీసుకుపోయింది.”

“మనింట్లో పిల్లి ఎక్కడుంది?”

“ఇప్పుడే వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుంది.”

చిన్న మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. నడుం మీద చేతులు పెట్టుకుని గొంతు చించుకుంది. “ఎన్నిసార్లు చెప్పాలి నీకు? చేతులు ఊరికే ఉండవా? బుర్రలో ఏముంది, మట్టా?”

ఆమె అరిచిన కొద్దీ బుడ్డిదాని మాటల్లో పిల్లి పెద్దదైంది. దానికో సైకిల్ వచ్చింది. సైకిల్‌కి ఒక సంచీ వచ్చింది. చివరికి బుడ్డిది మంచం కిందికి దూరిపోయింది.

ఆ గొడవకి నాన్న కంటి భూతద్దం నుదుటి మీదికి తోసుకుని గుమ్మంలోకి వచ్చాడు. “ఏంటా మాటలు? ఎక్కడ నేర్చుకున్నావు?”

“నీ దగ్గరే నాన్నా.”

ఎదురు చెప్పాలని అన్న మాట కాదది. నిజం కదా, ఠక్కున బయటికొచ్చేసింది. ఆమె చేతిలోంచి ఏదైనా జారితే చాలు, నాన్న అనే మాటలు పొల్లు పోకుండా ఇవే. నాన్న ముఖం చిన్నబోయింది. నెమ్మదిగా వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

“నేను అలా అరిచినప్పుడు నువ్వేం చేస్తావు తల్లీ?”

చిన్న మేస్త్రి తన గోళ్ళు చూసుకుంది. చెప్పాలా, వద్దా?

“దాచేస్తాను,” అంది చివరికి. “పోయిన నెల డ్రైవర్ అంకుల్ రిపేరుకిచ్చిన వాచీ అద్దం కనబడలేదు కదా. నేనే పగలగొట్టాను. ముక్కలు నా పాత షూలో ఉన్నాయి.”

నాన్న నోరు తెరిచాడు. ‘ఎన్నిసార్లు’ అన్న మాట పెదాల దాకా వచ్చేసినట్టే ఉంది. దాన్ని ఎంతో కష్టపడి మింగేశాడు.

“అదేమైందా అని నెల నుంచి బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను,” అన్నాడు. “చెప్పావు, మంచిదైంది. ఆ షూ నాకివ్వు. గాజు ముక్కలు నేను తీస్తాను.”

అంతే. ఒక్క తిట్టు కూడా లేదు. చిన్న మేస్త్రికి ఏడుపొచ్చింది, హాయిగానూ అనిపించింది. మంచం కింద చెల్లెలికి ఎలా ఉంటుందో ఆమెకు ఇప్పుడు బాగా తెలుసు.

ఆమె నేల మీద బోర్లా పడుకుని మంచం కిందికి తల పెట్టింది.

“బుడ్డీ, నీ మీద అలా అరిచాను, నాదే తప్పు. చక్రం ఏమైందో చెప్పు. ఇద్దరం కలిసి వెతుకుదాం.”

“తిట్టవా?”

“తిట్టను.”

“నిజంగా?”

“నిజంగా.”

“కిటికీ గట్టు మీద బొంగరంలా తిప్పాను. భలే తిరిగింది అక్కా! తిరిగి తిరిగి కిందికి దూకేసింది.”

కిటికీ అవతల పక్కింటివాళ్ళు గోడ కట్టడానికి పోసుకున్న ఇసుక కుప్ప ఉంది. తాపీమేస్త్రి అప్పటికే పారతో ఇసుక తీసి సిమెంటులో కలుపుతున్నాడు. ఇంకాసేపైతే చక్రం గోడలో కలిసిపోతుంది!

ముగ్గురూ పరుగెత్తారు.

“ఆగండి అంకుల్, ఆగండి!”

తాపీమేస్త్రి ఎత్తిన పార ఎత్తినట్టే ఉంచాడు. “ఏంటమ్మా, పామా?”

“కాదు, నా గడియారం చక్రం!”

“ఇంత కుప్పలో ఎక్కడని వెతుకుతావు?”

“నాకు తెలుసు!” అంటూ బుడ్డిది ముందుకొచ్చి వేలు పెట్టి చూపించింది. “అక్కడ. ఆ విరిగిన ఇటుక పక్కన.”

చక్రం ఇత్తడిదే కానీ దాని ఇరుసు ఉక్కుది. నాన్న షాపులోంచి అయస్కాంతం తెచ్చి, దారం కట్టి ఇచ్చాడు. చిన్న మేస్త్రి దాన్ని ఇటుక పక్కన మెల్లగా ఈడ్చింది. మొదట ఒక మేకు వచ్చింది. తర్వాత ఒక సీసా మూత వచ్చింది. మూడోసారి టక్కున ఏదో అంటుకుంది. చక్రమే! ఒక్క పన్నయినా విరగలేదు. తాపీమేస్త్రి సంతోషం పట్టలేక ఈల వేశాడు.

చిన్న మేస్త్రి ఇంట్లోకి వచ్చి బ్రష్‌తో ఇసుకంతా దులిపింది. చివరి గుంట నుంచి మొదలుపెట్టి ఒక్కోటీ బిగించుకుంటూ వచ్చింది. చక్రం వంతు రాగానే చిన్న పట్టకారు చెల్లెలి చేతికిచ్చింది.

“ఇది నువ్వు పెట్టు.”

బుడ్డిది పట్టకారుని మరీ గట్టిగా నొక్కింది. చక్రం జారి, బల్ల దిగి, ఎటో దొర్లిపోయింది. పాపం, అక్క ముఖంలోకి చూసి బిక్కచచ్చిపోయింది.

చిన్న మేస్త్రికి కోపం రాలేదా? ఎందుకు రాలేదూ, ముక్కు మీదికి వచ్చేసింది. ఒక్క క్షణం ఆగి ఊపిరి పీల్చుకుంది.

“ఎటు పోయిందో చూశావా?”

“బీరువా కింద!” బుడ్డిది అప్పటికే నేల మీద పాకుతోంది.

రెండోసారి చక్రం దాని చోట్లో బుద్ధిగా కూర్చుంది. చివరి స్క్రూ బిగించి, కీ ఇచ్చి, అలారం ముల్లు తిప్పారు. గణగణగణమంటూ గడియారం ఇల్లు అదిరేలా మోగింది! నాన్న చప్పట్లు కొట్టాడు. గోడ అవతల నుంచి తాపీమేస్త్రి “మోగిందిరోయ్!” అని కేకేశాడు.

బుడ్డిది వీధి గుమ్మంలోకి పరుగెత్తి, దారినపోయే అందరికీ వినబడేలా అరిచింది.

“ఆ చక్రం పడేసింది నేనే! మళ్ళీ పెట్టింది కూడా నేనే!”